నాలుగేళ్ళకోసారి తిరిగే చక్రం

చేతి గడియారంలో తేదీ చూపించడం పెద్ద కష్టం కాదు. ముప్పై ఒక్క పళ్ళున్న చక్రం ఒకటి, దాన్ని రోజుకో పన్ను చొప్పున నెట్టే ఏర్పాటు ఒకటి ఉంటే సరిపోతుంది. చిక్కంతా నెలలు ఒక్క తీరున లేకపోవడంతోనే వస్తుంది. ముప్పై రోజుల నెలలు నాలుగు, వాటికి తోడు ఫిబ్రవరి. అంటే మామూలు తేదీ గడియారం ఏడాదికి ఐదుసార్లు తప్పుతుంది, పెట్టుకున్నవాళ్ళు ఐదుసార్లు సరిచేసుకోవాలి. ముప్పైకీ ముప్పై ఒకటికీ తేడా తెలిసి, ఒక్క ఫిబ్రవరి దగ్గర మాత్రం మనిషి సాయం కోరే రకాన్ని యాన్యువల్ క్యాలెండర్ అంటారు. స్విట్జర్లాండ్‌లోని పటేక్ ఫిలిప్ కంపెనీ 1996లో దాన్ని చేతి గడియారంలోకి తెచ్చింది. ఫిబ్రవరినీ లీపు సంవత్సరాన్నీ కూడా తనంతట తానే దాటేది పర్పెచువల్ క్యాలెండర్. ఇంగ్లండ్‌లో థామస్ మడ్జ్ 1762 ప్రాంతంలోనే దీన్ని జేబు గడియారంలో చేసి చూపించాడు. చేతి గడియారంలోకి రావడానికి 1925 దాకా పట్టింది. లోపల బ్యాటరీ ఉండదు, చిప్పు ఉండదు. చుట్టుకున్న స్ప్రింగు శక్తితో కదిలే లోహపు ముక్కలే నాలుగేళ్ళ లెక్కను గుర్తుంచుకోవాలి.

ఆ గుర్తు ఎలా తయారవుతుందో ఒక్క గడియారం వెంట వెళ్ళి చూద్దాం. దాని పేరు లాంగెమాటిక్ పర్పెచువల్. జర్మనీలోని సాక్సనీలో, డ్రెస్డెన్‌కు దక్షిణాన కొండల మధ్య గ్లాస్‌హ్యూటె అని ఒక చిన్న ఊరుంది. అక్కడి ఎ. లాంగె అండ్ జోనె కంపెనీ 2001లో ఈ గడియారాన్ని తెచ్చింది. ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2021లో, తాను హనీగోల్డ్ అని పేరు పెట్టుకున్న తేనెరంగు బంగారంలో వంద గడియారాలు మాత్రమే చేసింది. సేకర్తల చూపు ముందు ఆ వంద అనే అంకె మీదే పడుతుంది. నా చూపు మాత్రం డయల్ కింద దాక్కున్న ఒక చిన్న ఉక్కు చక్రం మీద ఉంటుంది. అంకెను ఎవరైనా చెక్కించవచ్చు. ఆ చక్రాన్ని నమ్మదగ్గదిగా చేయడమే అరుదైన పని.

ఊరి సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె 1845 డిసెంబర్ 7న ఇక్కడ గడియారాల పని మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1945 మే 8న, కంపెనీ ప్రధాన భవనం బాంబుల పాలైంది. 1948లో కంపెనీని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, మునిమనవడు వాల్టర్ లాంగె పశ్చిమ జర్మనీకి వెళ్ళిపోయాడు. బెర్లిన్ గోడ కూలాక ఆయన తిరిగొచ్చి 1990 డిసెంబర్ 7న, సరిగ్గా 145 ఏళ్ళకు, కంపెనీని మళ్ళీ రిజిస్టర్ చేశాడు. కొత్త గడియారాలు 1994లో బయటికొచ్చాయి. నలభై ఏళ్ళకు పైగా తెగిపోయిన పేరును మళ్ళీ నిలబెట్టాలంటే పనితనం తప్ప వేరే దారి లేదని వాళ్ళకు తెలుసు. ఆ పట్టుదల ఇప్పటికీ వాళ్ళ పనిలో కనిపిస్తుంది.

ఇక పని. మొదటిది లెక్క. నాలుగేళ్ళంటే 48 నెలలు, 1,461 రోజులు. ఆ నలభై ఎనిమిదిలో 31 రోజుల నెలలు 28, 30 రోజులవి 16, 28 రోజుల ఫిబ్రవరులు 3, 29 రోజుల ఫిబ్రవరి ఒకటి. ఈ మొత్తాన్నీ ఒక చక్రం అంచు మీద ఎత్తుపల్లాలుగా కోస్తారు. 31 రోజుల నెలకు అంచు పూర్తి ఎత్తులో ఉంటుంది. 30 రోజుల నెలకు కొద్దిపాటి గాడి. లీపు ఫిబ్రవరికి ఇంకాస్త లోతు. మిగిలిన మూడు ఫిబ్రవరులకు అన్నిటికన్నా లోతు. ఈ చక్రం నెలకో మెట్టు కదులుతూ నాలుగేళ్ళకు ఒక చుట్టు పూర్తిచేస్తుంది. గడియారం మొత్తంలో ఇంత నెమ్మదిగా తిరిగేవి అరుదు.

దాని పక్కనే ఒక పొడవాటి మీట ఉంటుంది. రోజుకోసారి కదిలి తేదీ చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెట్టడం దాని రోజువారీ పని. మీటకున్న ముక్కు నెలల చక్రం అంచును తాకి చూస్తుంది. దిగుడుబావిలో ఎన్ని మెట్లు దిగితే అన్ని మెట్లు ఎక్కి రావాలి కదా, ఇక్కడా అంతే. గాడి లోతుగా ఉన్న నెలలో ముక్కు లోపలికి దిగుతుంది, కాబట్టి మీట తిరుగు ప్రయాణం పొడవవుతుంది. నెల మధ్యలో ఆ అదనపు పొడవుకు పనేమీ ఉండదు. తేదీ చక్రానికి నత్తగుల్ల ఆకారంలో ఒక బిళ్ళ అంటుకుని ఉంటుంది. నెలాఖరు రాగానే ఆ బిళ్ళ అంచులోని మెట్టు మీటకున్న రెండో కొక్కేనికి ఎదురొస్తుంది. ఆ రాత్రి కొక్కెం మెట్టును పట్టుకుని, గాడి లోతు ఎంత ఉంటే అంత దూరం చక్రాన్ని లాక్కుపోతుంది. ఏప్రిల్ 30 రాత్రి రెండు పళ్ళు, మామూలు ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి నాలుగు పళ్ళు. అంటే నెలలో ఎన్ని రోజులన్నది ఇక్కడ అంకె కాదు, లోతు. కంపెనీకో రకంగా అమర్చుకుంటారు గానీ, ఈ తరహా యంత్రాలకు మూల సూత్రం ఇదే.

మన పంచాంగం ఎరిగినవాళ్ళకు ఇక్కడ ఒక ఆలోచన రాక మానదు. గ్రెగోరియన్ లెక్క సర్దుబాటుకు నాలుగేళ్ళకో రోజు కలుపుకుంటే, మనది అధికమాసం పేరుతో ఒక నెలనే కలుపుకుంటుంది. అంతటితో ఆగితే పళ్ళ చక్రాలతో సాధించవచ్చు. కానీ తిథి నిడివి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతూ ఉంటుంది. సమానమైన పళ్ళున్న చక్రం తిథిని సగటున చూపగలదే తప్ప, ఈ రోజు విదియ ఎన్ని గంటలకు వెళ్ళిపోతుందో సరిగ్గా చెప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే 48 మెట్లలో నాలుగేళ్ళు ఇమడటం గ్రెగోరియన్ లెక్క చేసిన మేలు అనిపిస్తుంది. ఆ మేలుకూ ఒక హద్దుంది. నూరుతో భాగింపబడే సంవత్సరాలు నాలుగు వందలతో కూడా భాగింపబడితేనే లీపు. 2000 లీపు సంవత్సరం, 2100 కాదు. నాలుగేళ్ళ చక్రానికి ఈ నియమం తెలియదు. అందుకే 2100 మార్చి 1న ఈ గడియారాన్ని చేత్తో ఒక రోజు ముందుకు జరపాలి. ఆ నియమాన్ని కూడా పళ్ళలోకి ఎక్కించినవాళ్ళు ఉన్నారు: 1989లో పటేక్ ఫిలిప్ చేసిన కాలిబర్ 89 జేబు గడియారం, 2024లో ఐడబ్ల్యూసీ తెచ్చిన ఎటర్నల్ క్యాలెండర్. వాటి మీద నాకు గౌరవముంది. అయినా 400 ఏళ్ళ వాగ్దానం కన్నా 1,461 రాత్రుల్లో ఒక్కటీ తప్పకపోవడమే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

లాంగె తనకు తానే తెచ్చిపెట్టుకున్న కష్టం మరొకటుంది, పెద్ద తేదీ. డ్రెస్డెన్‌లో 1841లో తెరిచిన సెంపర్ ఒపేరా హౌస్‌లో వేదిక పైన అంకెల గడియారం ఒకటి పెట్టారు. దాన్ని చేసినది ఆస్థాన గడియారాల పనివాడు గుట్‌కేస్, ఆయన దగ్గర పని నేర్చిన ఫెర్డినాండ్ లాంగె అందులో పాలు పంచుకున్నాడు. ఆ జ్ఞాపకంగా లాంగె గడియారాల్లో తేదీ రెండు కిటికీల్లో పెద్ద అంకెలుగా కనిపిస్తుంది. ఒకట్ల స్థానానికి 0 నుంచి 9 దాకా ఉన్న బిళ్ళ, పదుల స్థానానికి నాలుగు చేతుల శిలువ ఆకారం. 31 నుంచి 1కి మారే రాత్రి ఒకట్ల బిళ్ళ కదలకూడదు, ఎందుకంటే ఒకటి ఒకటిగానే ఉండాలి. పదుల శిలువ మాత్రమే తిరగాలి. దీనికి పర్పెచువల్ క్యాలెండర్ జోడిస్తే, ఫిబ్రవరి 28 రాత్రి 29, 30, 31 మూడింటినీ దాటుకుంటూ ఈ రెండు బిళ్ళలూ ఒకదానితో ఒకటి తగవు పడకుండా తిరిగి 1 దగ్గర ఆగాలి. సన్నటి ముల్లును కదపడం తేలిక, అంకెలు అచ్చువేసిన బిళ్ళలను కదపడానికి శక్తి ఎక్కువ కావాలి. శక్తి అంతా ఒక్క స్ప్రింగు నుంచే రావాలి. 2001లో ఈ గడియారం వచ్చినప్పుడు తెలిసినవాళ్ళు మెచ్చుకున్నది ఈ జోడింపునే.

లెక్క తేలాక కోత. మీటలనూ పలచటి స్ప్రింగులనూ ఉక్కు రేకు నుంచి తీగతో కోస్తారు. కరెంటు నడిచే సన్నని తీగ ఉక్కును తాకకుండానే, నిప్పురవ్వలతో దాన్ని తొలుచుకుంటూ పోతుంది. తేడా ఎంత ఉండొచ్చన్నది మైక్రాన్లలో చెబుతారు. యంత్రాన్ని మోసే పలకను మాత్రం జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. పేరుకు సిల్వర్ గానీ వెండి ఉండదు. అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. చాలా కంపెనీలు తమ పలకలకు పైపూత వేస్తాయి. లాంగె వేయదు. పూత లేని జర్మన్ సిల్వర్ కాలం గడిచేకొద్దీ లేత పసుపు తిరిగి, వెచ్చటి రంగులో స్థిరపడుతుంది. అందం అక్కడే ఉంది, ఇబ్బందీ అక్కడే ఉంది. వట్టి వేలు తగిలితే ముద్ర పడుతుంది, ఆ ముద్ర పోదు.

ఇప్పుడు మొదటి కూర్పు. లాంగెలో ప్రతి గడియారాన్నీ రెండుసార్లు కూరుస్తారు, ఒక్కసారితో సరిపెట్టరు. తయారీ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ దశే. భాగాలు నాలుగు వందలకు పైగా ఉంటాయి. అన్నీ ఒకే బొమ్మ ప్రకారం కోసినవే, అయినా ఏ రెండు గడియారాల్లోనూ సరిగ్గా ఒకేలా కుదరవు. ఒక్కో ముక్కలో కంటికి ఆనని తేడా ఉంటుంది. ఆ తేడాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఫిబ్రవరి చివరి రాత్రి కొక్కెం మూడు పళ్ళు నెట్టి, నాలుగో పన్ను మొన మీద ఆగిపోతుంది. తేదీ కిటికీలో రెండు అంకెల మధ్య ఇరుక్కుంటుంది. అలా జరగకుండా చూడటమే ఈ దశలో చేసే పని.

క్యాలెండర్‌లోని ప్రతి చక్రాన్నీ, అంటే తేదీ, వారం, నెల, చంద్రుడు అన్నిటినీ, పళ్ళ మధ్య పట్టి ఉంచే సన్నటి స్ప్రింగు ఒకటుంటుంది. అది మరీ బిర్రుగా ఉంటే చక్రాన్ని కదపలేక మీట ఆగిపోతుంది. మరీ వదులుగా ఉంటే చక్రం ఒక పన్నుకు బదులు రెండు పళ్ళు దూకుతుంది. ఎంత బిగువు ఉండాలో బొమ్మలో రాసి ఉన్నా, చివరి మాట చేతిదే. పనివారు స్ప్రింగును తీసి, వెడల్పులో ఒక వెంట్రుకంత తగ్గించి, మళ్ళీ పెట్టి, మీటను నెమ్మదిగా నడిపించి చూస్తారు. చక్రం తిరిగి కూర్చునేటప్పుడు వచ్చే చిన్న శబ్దం కూడా వాళ్ళకు ఆధారమే. నెలల చక్రం గాడిలోకి మీట ముక్కు దిగే తీరును ఇలాగే సరిచేస్తారు. ముక్కు కాస్త పొడవుంటే మీట తన దారి పూర్తిచేయదు, పొట్టిదైతే నెలాఖరున అవసరానికి మించి నెడుతుంది. ఆకురాయితో ఒక్క గీత ఎక్కువ గీస్తే ఆ ముక్క పనికిరాదు. కొత్తది తెచ్చి మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే క్యాలెండర్ గడియారాల బల్ల దగ్గర అనుభవం ఉన్నవాళ్ళు కూర్చుంటారు. ఒక ఏడాదిలో ఇలాంటివి ఎన్ని బయటికి రాగలవన్నది ఈ బల్లల దగ్గరే తేలిపోతుంది.

క్యాలెండర్ కుదిరితే చాలదు, అది కాలాన్ని చెడగొట్టకూడదు కూడా. కాలాన్ని కొలిచే బ్యాలెన్స్ చక్రం గంటకు 21,600 సార్లు ఊగుతుంది. అర్ధరాత్రి వేళ మీటలన్నీ కదిలేటప్పుడు స్ప్రింగు శక్తిలో కొంత వాటికి పోతుంది, బ్యాలెన్స్ ఊగే కోణం తగ్గుతుంది. మరీ తగ్గితే గడియారం నడక తప్పుతుంది. అందుకని మధ్యాహ్నపు నడకనూ అర్ధరాత్రి నడకనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. గడియారాన్ని వెల్లకిలా, బోర్లా, నిలువుగా, మొత్తం ఐదు భంగిమల్లో ఉంచి కాలాన్ని సరిచేస్తారు.

అంతా సరిగ్గా నడుస్తున్నాక దాన్ని పూర్తిగా విప్పేస్తారు. బయటివారికి ఇది వింతగా తోచవచ్చు. కారణం సూటిగానే ఉంది: సరిచేసేటప్పుడు గీతలు పడతాయి, దుమ్ము చేరుతుంది. మెరుగు పెట్టిన భాగాలతో మొదటే కూరిస్తే మెరుగు పాడవుతుంది. అందుకని ముందు కుదుర్చుకుని, తర్వాత అలంకరించి, శుభ్రంచేసి, మళ్ళీ కూరుస్తారు. మొదటి కూర్పులో వాడిన స్క్రూల స్థానంలో రెండోసారి కొత్త స్క్రూలు వస్తాయి.

మెరుగు పనిలో కష్టమైనది ఉక్కుకు నల్లటి మెరుపు తేవడం. తగరపు పలక మీద వజ్రపు పొడి కలిపిన ముద్ద రాసి, దాని మీద ఉక్కు ముక్కను వేలితో నెమ్మదిగా తిప్పుతూ రుద్దుతారు. ఉపరితలం పూర్తిగా చదునయ్యాక ఒక వైపు నుంచి చూస్తే అద్దంలా మెరుస్తుంది, కాస్త వంచి చూస్తే నిండు నలుపుగా కనిపిస్తుంది. ముద్దలో ఒక్క రేణువు పెద్దది కలిసినా గీత పడుతుంది, మొదటికొస్తుంది. మీటల అంచులను ఏటవాలుగా తీర్చి మెరుగు పెడతారు. మొత్తం పొడవునా ఆ వాలు ఒకే వెడల్పులో ఉండాలి, లోపలి మూలల్లో కూడా. మూలల్లోకి యంత్రం వెళ్ళలేదు. చేతి పనిని గుర్తుపట్టడానికి నేను ముందు చూసేది ఆ లోపలి మూలలనే. నీలం స్క్రూల రంగు పూత కాదు. ఉక్కును 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల దాకా వేడిచేస్తే పసుపు, గోధుమ, ఊదా దాటుకుని నీలం వస్తుంది. ఆ క్షణంలోనే తీసేయాలి, ఆలస్యమైతే రంగు పాలిపోతుంది.

బ్యాలెన్స్ చక్రాన్ని పట్టి ఉంచే చిన్న వంతెన మీద పూల తీగను చేత్తో చెక్కుతారు. నమూనా ఒకటే అయినా ఉలి పట్టే చేయి వేరు. ఫలానా గడియారం మీద చెక్కినది ఎవరో తోటి శిల్పులు చూడగానే చెప్పేస్తారు. వంద గడియారాలున్నా ఆ పూలతీగ ఏ రెండింటి మీదా ఒకేలా ఉండదు. కేసు వెనక చెక్కిన సంఖ్య కన్నా నాకు ఇదే అసలైన సంఖ్యగా కనిపిస్తుంది.

రెండో కూర్పు ప్రశాంతంగా సాగుతుంది, ఎందుకంటే ముక్కలకు ఇప్పటికే ఒకదానితో ఒకటి పరిచయముంది. ఇరుసులకు నూనె పడుతుంది. క్యాలెండర్ భాగం యంత్రం మీద, డయల్ కింద కూర్చుంటుంది. చంద్రుడి బిళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. మామూలు గడియారాల్లో రెండు చంద్రబింబాలు వేసిన బిళ్ళకు 59 పళ్ళుంటాయి, అంటే ఒక చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు. నిజానికి అది 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఆ 44 నిమిషాలు పోగై రెండున్నర ఏళ్ళు దాటేసరికి ఒక రోజు తేడా వస్తుంది. లాంగెమాటిక్ పర్పెచువల్‌లో చక్రాల నిష్పత్తిని ఇంకా సూక్ష్మంగా లెక్కగట్టారు. ఇందులో ఒక రోజు తేడా రావడానికి 122 ఏళ్ళు పడుతుంది.

డయల్, ముళ్ళు, కేసు చివర్లో వస్తాయి. వారం ఎడమ వైపు, నెల కుడి వైపు, చంద్రుడు కింద, పెద్ద తేదీ పైన. 38.5 మిల్లీమీటర్ల వెడల్పులో ఇంత సమాచారం ఉన్నా కంటికి ఇరుకుగా అనిపించదు. హనీగోల్డ్ కూడా 18 క్యారెట్ల బంగారమే. పాళ్ళలోనూ వేడిచేసే పద్ధతిలోనూ తేడా వల్ల మామూలు బంగారం కన్నా గట్టిగా ఉంటుంది, కాబట్టి గీతలు తక్కువ పడతాయి. లాంగె దీన్ని మొదట 2010లో వాడింది, పరిమిత సంఖ్యలో చేసే గడియారాలకే ఉంచుకుంది.

పరిమిత సంఖ్య గురించి సేకర్తలకు ఒక మాట. పటేక్ ఫిలిప్ 1941లో మొదలుపెట్టిన 1518 అనే మోడల్ వరుసగా తయారైన తొలి పర్పెచువల్ క్యాలెండర్ క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న రకం. మొత్తం 281 చేశారు. వాటి మీద లిమిటెడ్ ఎడిషన్ అని ఎక్కడా లేదు. చేయగలిగినన్ని చేశారు, అడిగినవాళ్ళకు అమ్మారు. ఉక్కు కేసుతో ఉన్నవి నాలుగే నాలుగు బయటపడ్డాయి. వాటిలో ఒకటి 2016లో జెనీవా వేలంలో కోటీ పది లక్షల స్విస్ ఫ్రాంకులకు పోయింది. అప్పట్లో అరుదుతనం పనికి ఫలితంగా వచ్చింది, ఇప్పుడు ముందే ప్రకటిస్తున్నారు. ప్రకటించడం తప్పని నేననను. కొనేముందు ఒక్కటి అడిగి తెలుసుకోవాలి: ఈ వంద గడియారాల్లో కొత్తగా చేసినది ఏమిటి? డయల్ రంగు ఒక్కటే మారితే ఆ సంఖ్యకు బలం లేదు. లోపలి యంత్రం చేతుల్లో నలిగి, రెండుసార్లు కూర్పుకు గురై వచ్చినదైతే, సంఖ్య చెక్కకపోయినా అది ఎక్కువగా తయారయ్యే వస్తువు కాదు.

చివరిది పరీక్ష. గడియారాన్ని రోజుల తరబడి నడిపిస్తారు. క్యాలెండర్‌ను నెలాఖరుల మీదుగా ముందుకు జరుపుతూ, ముఖ్యంగా ఫిబ్రవరులు నాలుగింటినీ దాటించి చూస్తారు. కీ ఇచ్చే బొడిపెను, అంటే క్రౌన్‌ను, లాగగానే సెకన్ల ముల్లు సున్నాకు వచ్చి నిలుస్తుందా లేదా చూస్తారు, ఈ మోడల్‌కు ఆ సౌకర్యం ఉంది.

ఇంటికి చేరాక మన వంతు పని మొదలవుతుంది. చేతికి పెట్టుకోకపోతే 46 గంటల్లో గడియారం ఆగిపోతుంది. తిరిగి నడిపేటప్పుడు ముందు క్రౌన్ తిప్పి కీ ఇవ్వాలి, ముళ్ళను అర్ధరాత్రికి దూరంగా ఉంచాలి, ఆ తర్వాతే క్యాలెండర్ ముట్టుకోవాలి. మీటలు పళ్ళలో తగులుకుని ఉన్న వేళ బటన్ నొక్కితే అంత శ్రమపడి సరిచేసిన ముక్కలు వంగిపోవచ్చు. కేసు పక్కనున్న ప్రధాన బటన్ నొక్కిన ప్రతిసారీ తేదీ, వారం, నెల, చంద్రుడు కలిసి ఒక రోజు ముందుకు వెళతాయి. మూడు రోజులు ఆగితే మూడు నొక్కులు చాలు. ఆత్రంలో నాలుగోసారి నొక్కితే తేదీని వెనక్కి తిప్పే దారి లేదు. అప్పుడు గడియారాన్ని అలాగే ఆపి ఉంచి, ఆ తేదీ వచ్చిన రోజున మళ్ళీ కీ ఇచ్చి నడపడమే సరైన పద్ధతి.